సిగ్గుపడవలసిన లోపము కాదు
(వైశాలిలో జరిగిన మా సంఘ కుటుంబ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మన సంఘ సమావేశములలో సాధారణముగా నాటకములను గూర్చియో, పండుగలను గూర్చియో, మన ప్రాంతపు మహనీయులను గూర్చియో ప్రసంగములు జరుగుచుండును. ఈనాడు నేను ఎన్నుకొన్న విషయము వానికి భిన్నమైనది. మగబిడ్డలలో కొందరికి పుట్టుకతో వచ్చు మూత్రమార్గ లోపమును, దానికి చేయు శస్త్రచికిత్సను, ఆ చికిత్స వలన కలుగు ఫలితములను గూర్చి కొన్ని మాటలు మనవి చేసెదను. నేను వైద్యుడను కాను. చరిత్ర చదువుకొని, సచివాలయములో ఫైళ్లు చూచుకొను ఉద్యోగిని. అయినను ఈ విషయమును ఎత్తుకొనుటకు కారణము కలదు. ఈ లోపమును సరిచేయు నేర్పు వైద్యుని చేతిలో ఉన్నది. బిడ్డను సకాలమున ఆ వైద్యుని యొద్దకు చేర్చుట మాత్రము ఇంటివారి చేతిలో ఉన్నది. ఇంటివారు సిగ్గుచేత నోరు మెదపనిచో, బిడ్డ ఏండ్ల తరబడి వేచియుండవలసి వచ్చును. కనుక ఇది ఆసుపత్రిలో కన్న ముందుగా మన ఇండ్లలో మాటలాడుకొనవలసిన విషయము.

మన ఊళ్లలో బిడ్డ పుట్టినచో అమ్మమ్మయో నాయనమ్మయో కాళ్లమీద పరుండబెట్టుకొని, నూనె రాచి, నలుగు పెట్టి నీళ్లు పోయును. ఆ పెద్దచేతులకు తెలియని లోపము బిడ్డ ఒంటిమీద ఉండదు. ఢిల్లీ సరిహద్దునకు ఆనుకొని, గాజియాబాదు జిల్లాలో ఉన్న ఈ వైశాలిలోని అపార్టుమెంటులలో కాపురమున్న మనకు ఆ చేతుల సాయము కొద్ది దినములు మాత్రమే లభించును. కొందరికి అదియు లభింపదు. భార్యాభర్తలిద్దరును ఉద్యోగస్థులైన ఇండ్లలో బిడ్డ మరొకరి చేతిలో పెరుగును. కనుక చూడవలసినదేమో తల్లిదండ్రులే తెలిసికొనియుండుట మంచిది.

ఇక అసలు విషయమునకు వత్తును. మగబిడ్డకు మూత్రము వెలికివచ్చు రంధ్రము అంగము కొనయందు ఉండుట సహజము. కొందరు బిడ్డలకు ఆ రంధ్రము కొనయందు గాక, అడుగుభాగమున ఎచ్చటనో ఏర్పడును. వైద్యులు దీనిని హైపోస్పేడియాస్ అందురు. ఇది గ్రీకు మాట; 'హైపో' అనగా క్రింద, తక్కిన భాగము చీలిక అను అర్థమునుండి వచ్చినది. ఈ లోపమునకు సాధారణముగా మూడు గుర్తులు. మొదటిది, రంధ్రము స్థానము తప్పియుండుట. రెండవది, కొనను కప్పవలసిన ముందరి చర్మము పైభాగమున మాత్రమే ముసుగువలె ఉండి అడుగున లేకపోవుట. మూడవది, అంగము క్రిందికి వంగియుండుట. ఈ మూడును అందరిలో ఉండవు. వంపు కొందరిలో స్వల్పముగను, కొందరిలో మిక్కుటముగను ఉండును. కొందరిలో అసలు ఉండదు.

రంధ్రము ఉన్న చోటును బట్టి లోపము తీవ్రత నిర్ణయమగును. కొనకు దగ్గరగా ఉన్నచో తేలికపాటిది. నడుమ ఉన్నచో మధ్యమము. మొదట, అనగా వృషణముల సంచి దగ్గరగాని అంతకు దిగువనగాని ఉన్నచో తీవ్రమైనది. వైద్యుల లెక్కలో నూటికి సుమారు 70 మంది మొదటి తరగతికి చెందినవారే. ఇది మనకు మిక్కిలి ధైర్యము కలిగింపవలసిన సంగతి.

ఇది అరుదైన లోపము కాదు. మగబిడ్డలలో సుమారు 200 నుండి 300 మందికి ఒకరికి ఇది ఉండునని అంచనా. మన దేశమున ఏటేట పుట్టు బిడ్డలు 2 కోట్ల పైచిలుకు. అందులో సగమునకు కొంచెము ఎక్కువ మగబిడ్డలనుకొని, 300 మందికి ఒకరు చొప్పున లెక్కించినను, ఏటికి దాదాపు 40,000 మంది పిల్లలు తేలుదురు. మన వంటి పెద్ద కాలనీలో వేయి కుటుంబములుండినచో, ఈ లోపముతో పుట్టినవాడు ఒకడైనను ఉండుట వింత కాదు. అయినను దాని పేరు మనము వినము. వినకపోవుటకు కారణము లోపము లేకపోవుట కాదు, చెప్పుకొనకపోవుటయే.

ఇది ఎందువలన కలుగునని తల్లిదండ్రులు మొదట అడుగుదురు. గర్భములో 8వ వారమునుండి 14వ వారము వరకు మగశిశువు అంగము రూపుదిద్దుకొనును. ఆ కాలమున అడుగుననున్న ఒక గాడి అంచులు రెండును కలిసికొని, మూసికొని, గొట్టముగా మారవలెను. ఆ పని పూర్తి కాకుండ నడుమ ఆగిపోయినచో, ఆగిన చోటనే రంధ్రము నిలిచిపోవును. ఆగుటకు కారణములు పెక్కు. వంశమున ఉన్నచో వచ్చు అవకాశము కొంత ఎక్కువ. తండ్రికో అన్నకో ఉన్నచో పుట్టబోవు బిడ్డను శ్రద్ధగా చూడవలెను. మాయ సరిగా పనిచేయక తక్కువ బరువుతో పుట్టిన బిడ్డలలో ఇది ఎక్కువగా కనబడును. పురుష హార్మోనులు తయారగుటలోగాని, వాని ప్రభావము పనిచేయుటలోగాని దోషమున్నను కలుగవచ్చును. పెక్కుమందిలో మాత్రము ఇదమిత్థమని ఒక కారణమును చూపలేరు.

ఇచ్చట ఒక్క మాట గట్టిగా చెప్పవలసియున్నది. పెదవి చీలి పుట్టిన బిడ్డను మన తెలుగునాట గ్రహణమొర్రి అందుము. గ్రహణమునాడు గర్భవతి కదలినందువలన అట్లు జరిగినదని తల్లిని నిందించుట మన ఇండ్లలో తరతరములుగా ఉన్నది. ఈ మూత్రమార్గ లోపము విషయములోను అట్టి నిందయే తల్లిపై పడుచుండును. ఆమె ఏమి తిన్నదో, ఎచ్చట నడచినదో, ఏ పాపము చేసినదో అని అత్తవారింట ఆరాలు మొదలగును. ఆమె తిన్న పదార్థము వలనగాని, చూచిన గ్రహణము వలనగాని ఇది వచ్చినది కాదు. నిందకు జంకిన తల్లి బిడ్డను దాచును. దాచిన బిడ్డకు చికిత్స ఆలస్యమగును. కావున తల్లిని నిందింపకుండుట చికిత్సలో మొదటి మెట్టు.

పుట్టిన బిడ్డలో చూడవలసినవి రెండు మూడు కలవు. మూత్రము ఎచ్చటనుండి వచ్చుచున్నది, ధార ముందుకు పడుచున్నదా క్రిందికి పడుచున్నదా, ముందరి చర్మము చుట్టును ఉన్నదా పైన మాత్రమే ఉన్నదా, సంచిలో రెండు వృషణములును చేతికి తగులుచున్నవా అని చూడవలెను. అనుమానము కలిగినచో శిశువైద్యునికి వెంటనే చూపవలెను. 2013 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమమున పరీక్షింపవలసిన పుట్టు లోపములుగా మొదట నిర్ణయించినవి తొమ్మిది. ఈ లోపము ఆ తొమ్మిదింటిలో చేరలేదు. కనుక ఎవరో వచ్చి కనిపెట్టుదురని మనము ఊరకుండరాదు.

అందులోను ఒక సందర్భము మిక్కిలి జాగ్రత్త పడవలసినది. రంధ్రము క్రిందనుండి, వృషణములు రెండును చేతికి తగులనిచో, ఆ బిడ్డ నిజముగా అడ్రినల్ గ్రంథుల దోషముతో పుట్టిన ఆడబిడ్డ కావచ్చును. అట్టి బిడ్డలలో కొందరికి శరీరమున ఉప్పు నిలువక, మొదటి కొద్ది వారములలోనే వాంతులు, నీరసము కలిగి ప్రాణాపాయము రావచ్చును. అప్పుడు రక్తపరీక్షలు, క్రోమోజోముల పరీక్ష, కడుపు స్కానింగు వెంటనే చేయింపవలెను. ఒక వృషణమే దిగనిదైనను లోపము తీవ్రమైనదైనచో పరీక్షలు అవసరమగును.

మరియొక హెచ్చరిక. ఈ లోపమున్న బిడ్డకు సున్తీ చేయింపరాదు. అది ఆచారముగా గల కుటుంబములైనను, బిగుతుగా ఉన్నదని ఎవరైన సలహా చెప్పిన కుటుంబములైనను, శస్త్రవైద్యుడు చూచువరకు ఆగవలెను. ఆ ముందరి చర్మమే రేపు క్రొత్త మూత్రమార్గమును నిర్మించుటకు మూలధనము. ఎట్లో ఇప్పుడు చరిత్రలోనుండి చెప్పెదను; ఇది నేను చదువుకొన్న విద్యకు కొంత దగ్గరగా ఉన్నది.

క్రీస్తుశకము 2వ శతాబ్దమున గేలెన్ అను గ్రీకు వైద్యుడు ఈ లోపమును వర్ణించెను. ఆ కాలపు శస్త్రవైద్యులు ఎరిగిన ఉపాయము ఒక్కటే: రంధ్రమునకు ఆవలనున్న భాగమును కోసివేయుట. అంగమునే కురుచజేసి రంధ్రమును కొనకు తెచ్చుట అన్నమాట. చికిత్స కన్న లోపమే మేలనిపించును. మన దేశమున సుశ్రుతుడు చెంపచర్మముతో తెగిన ముక్కును నిర్మించు విధమును చెప్పియుండెను. నుదుటి చర్మముతో ముక్కును నిర్మించిన పూనా ప్రాంతపు పనితనమును గూర్చి 1794లో లండను పత్రికలో లేఖ అచ్చు కాగా ఐరోపా వైద్యులు ఆశ్చర్యపడిరి. ఆ పనిలోని కీలకమేమనగా, చర్మమును పూర్తిగా ఊడదీయక, దానికి రక్తము నందించు కాడను నిలుపుకొని, కావలసిన చోటికి మళ్లించుట. నీరు పారు కాలువతో సహా నారుమడిని మార్చినట్లు. ఈ కీలకమే తరువాత మన బిడ్డలకును ఉపకరించెను.

19వ శతాబ్దపు ఉత్తరార్ధమున ఐరోపాలో మూత్రమార్గమును తిరిగి నిర్మించు ప్రయత్నములు మొదలయ్యెను. 1874లో ఫ్రెంచి వైద్యుడు డుప్లే చర్మమును గొట్టముగా చుట్టు పద్ధతిని ప్రకటించెను. 1949లో లండనులో డెనిస్ బ్రౌన్ ప్రకటించిన పద్ధతి చాలకాలము లోకమంతట వాడుకలో ఉండెను. ఆ దినములలో పని విడతలుగా సాగెడిది. మొదట వంపు సరిచేయుట, కొంతకాలము ఆగి మార్గము కట్టుట, చీలినచో మరల కుట్టుట. కొందరు వైద్యులు వృషణముల సంచి చర్మమును వాడిరి. యుక్తవయస్సు రాగానే ఆ చర్మమున వెండ్రుకలు మొలచి, మూత్రమార్గమునకు లోపల అడ్డుపడి, రాళ్లు కట్టిన సందర్భములు కూడ ఉన్నవి. కావున వెండ్రుకలు మొలవని చర్మము కావలెను. ముందరి చర్మపు లోపొర అట్టిది.

ఈ ఘట్టమున మనకు అతి సమీపమునందున్న నగరము పేరు వచ్చుచున్నది. వైశాలినుండి కొద్ది గంటల ప్రయాణముననున్న ఆగ్రాలో, సరోజినీనాయుడు వైద్య కళాశాలకు చెందిన డాక్టరు హరిశంకర్ ఆసోపా, ఆయన సహచరులు, ముందరి చర్మపు లోపొరను గొట్టముగా చుట్టి, దానిని పైపొరనుండి విడదీయక, రక్తప్రసారము చెడకుండ, ఒకే విడతలో మూత్రమార్గమును నిర్మించు పద్ధతిని 1971లో అంతర్జాతీయ శస్త్రచికిత్సా పత్రికలో ప్రకటించిరి. తాజ్‌మహలు చూచుటకు ఆగ్రా పోయి వచ్చిన మనవారిలో ఎందరికి ఈ సంగతి తెలియును? 1980లో అమెరికాలోని ఫిలడెల్ఫియా వైద్యుడు జాన్ డకెట్, లోపొరను దాని రక్తనాళపు కాడతో విడదీసి వాడు విధమును ప్రకటించెను. నేటికిని వైద్యగ్రంథములలో ఆసోపా, డకెట్ పేర్లు ప్రక్కప్రక్కన కనబడును.

1994లో వారెన్ స్నాడ్‌గ్రాస్ అను అమెరికా వైద్యుడు మరింత సరళమైన ఉపాయమును ప్రకటించెను. రంధ్రమునకు ఆవల అడుగుననున్న చర్మపు పట్టీని మధ్యగా నిలువున కోసినచో అది విశాలమగును. అప్పుడు దానినే గొట్టముగా చుట్టి కుట్టవచ్చును. కొనకు దగ్గరనున్న తేలిక లోపములకు నేడు ఎక్కువగా వాడునది ఈ పద్ధతియే. తీవ్రమైన లోపము, గట్టి వంపు ఉన్నచో ఈనాటికిని రెండు విడతలే మేలని పెక్కుమంది భావింతురు. మొదటి విడత వంపు సరిచేసి, ముందరి చర్మపు లోపొరనో, బుగ్గ లోపలి పొరనో తెచ్చి అడుగున పరచెదరు. అది అంటుకొని మెత్తపడుటకు కనీసము ఆరు నెలలు ఆగి, రెండవ విడత గొట్టముగా చుట్టెదరు. 1995లో ఇంగ్లండు వైద్యుడు బ్రాకా ఈ విధానమును సమగ్రముగా ప్రకటించెను. రెండు విడతలు అన్నంతమాత్రమున వైద్యునికి నేర్పు చాలదని మనము అనుకొనరాదు. ఒక్కొక్కప్పుడు అదియే వివేకము.

ఏ వయస్సున చేయింపవలెను? పూర్వము బడికి పోవు వయస్సు వరకు ఆగుచుండిరి. నేడు 6 నెలలనుండి 18 నెలల లోపల చేయించుట మేలని వైద్యసంఘములు చెప్పుచున్నవి. కారణములు స్పష్టము. ఆ వయస్సున బిడ్డకు జ్ఞాపకము మిగులదు. డైపరు వాడుచుండును గనుక గొట్టముతో చిక్కు తక్కువ. గాయము త్వరగా మానును. మత్తుమందు ఇచ్చు విద్యయు పసిబిడ్డలకు అనుగుణముగా అభివృద్ధి చెందినది. ఈ వయస్సు దాటినవారికి చికిత్స లేదని కాదు. పదేండ్ల బాలునికైనను, పెరిగిన పురుషునికైనను చేయుదురు. కాని చిక్కులు కొంత ఎక్కువ, మనస్సుకు కలుగు బాధ మరింత ఎక్కువ.

శస్త్రచికిత్స గంటన్నరనుండి మూడు గంటల వరకు పట్టును. బిడ్డకు పూర్తిగా మత్తు ఇచ్చి, నడుము క్రింద నొప్పి తెలియకుండ మరియొక సూది వేయుదురు. అంగము మరీ చిన్నదైనచో ముందుగా కొన్ని వారములు హార్మోను ఇచ్చుట కలదు. చికిత్స తరువాత క్రొత్త మార్గములో కాథెటర్ అను సన్నని గొట్టమును సుమారు 5 నుండి 10 దినములు ఉంచుదురు. దాని కొన ఒక డైపరు దాటి పై డైపరులో పడునట్లు పెట్టుదురు. ఆ దినములలో తల్లి చేయవలసిన పని శుభ్రత, మందులు వేళకిచ్చుట, గొట్టమును లాగకుండ కాపాడుట. మొలత్రాడు అంగమునకు తగులునట్లున్నచో కొంతకాలము తీసివేయుటయే మేలు. జ్వరము వచ్చినను, గొట్టము ఊడినను, మూత్రము ఆగినను, రక్తము ఆగక స్రవించినను వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. మొదటి దినములలో వాపు, కమిలిన రంగు చూచి బెంబేలు పడనక్కరలేదు. తుది రూపము తేలుటకు నెలలు పట్టును.

ఇప్పుడు ఫలితములు. ఈ భాగమును నేను తియ్యగా చెప్పదలచుకొనలేదు. తేలిక లోపములలో అనుభవజ్ఞుల చేతిలో నూటికి 90 మందికి పైగా ఒక్క చికిత్సతోనే కుదురుకొందురు. మిగిలినవారిలో చిన్న చిక్కులు రావచ్చును. తీవ్ర లోపములలో, చాలకాలము గమనించి లెక్కించినచో, మూడవవంతునుండి సగమువరకు బిడ్డలకు ఏదో ఒక చిక్కు వచ్చి మరల శస్త్రచికిత్స అవసరమగుచున్నది. ఆ చిక్కులు నాలుగు విధములు. కుట్టిన చోట ప్రక్కన చిన్న రంధ్రము పడి రెండు ధారలుగా మూత్రము వచ్చుట. దీనిని ఫిస్టులా అందురు. కొన రంధ్రము ముడుచుకొని ధార దారమువలె సన్నబడుట. మార్గము లోపల ఇరుకగుటయో, సంచివలె ఉబ్బుటయో. వంపు మరల వచ్చుట. ఫిస్టులాను వెంటనే కుట్టరాదు. కండ మెత్తపడుటకు కనీసము ఆరు నెలలు ఆగుదురు. ఆగుట వైద్యుని అశ్రద్ధ కాదు.

మా దగ్గరి బంధువులలో ఒక బాలుని సంగతి చెప్పెదను. కోస్తా జిల్లాలో పుట్టినవాడు. లోపమును మంత్రసాని చూచెను, అమ్మమ్మ చూచెను. కాని బారసాలనాడు చుట్టములకు తెలియునేమోనని మాట అణచివేసిరి. బాలునికి ఆరవ ఏట, బడిలో తోటివారు హేళన చేయగా వాడు మధ్యాహ్నము నీరు త్రాగుట మానివేసెను. సాయంకాలము వరకు మూత్రమునకు పోకుండ ఇంటికి పరుగెత్తి వచ్చెడివాడు. అప్పుడు తండ్రి కనిపెట్టెను. ఒక పట్టణ ఆసుపత్రిలో చికిత్స చేయించిరి; ప్రక్కన రంధ్రము పడెను. ఒక చిక్కు రావచ్చునని ముందుగా ఎవరును చెప్పియుండలేదు గనుక ఇంటిల్లిపాది అంతా పాడైనదని ఏడ్చిరి. ఏడాది తరువాత ఇంకొక చోట, పిల్లల శస్త్రవైద్యుడు దానిని సరిచేసెను. నేడు ఆ బాలుడు ఇంజనీరింగు చదువుచున్నాడు, ఆరోగ్యముగా ఉన్నాడు. వానిని నిజముగా బాధించినది రెండు శస్త్రచికిత్సలు కాదు. వానికి ముందు గడచిన ఆరేండ్ల మౌనము. ఈ మాట వాడే వాని తల్లితో అనెనట.

తల్లిదండ్రులు పైకి అడుగుటకు జంకు ప్రశ్న ఒకటి కలదు: వీడు పెద్దవాడై సంసారము చేయగలడా, బిడ్డలను కనగలడా? తేలిక లోపముండి, వృషణములు సరిగానున్నవారిలో సంతానమునకు సాధారణముగా ఆటంకము ఉండదు. వంపు సరియై, మార్గము నిలిచినచో దాంపత్యము సజావుగా సాగును. తీవ్ర లోపముతో పుట్టి పలుమార్లు చికిత్స పొందినవారిలో కొందరికి అసంతృప్తి, సంకోచము మిగులును. అట్టివారికి పెద్దయిన పిమ్మట సలహా చెప్పు వైద్యుడు అవసరము. యుక్తవయస్సులో అంగము పెరుగునప్పుడు వంపు మరల కనబడవచ్చును. అందుచేత చికిత్స అయిన మరునెల బాగున్నదని మరచిపోరాదు. మూత్రము విసర్జించు వేగమును కొలుచు యంత్రముతో అప్పుడప్పుడు పరీక్షించుచు, యుక్తవయస్సు దాటువరకు చూపుచుండవలెను.

అందరికిని శస్త్రచికిత్స తప్పనిసరియా? కాదు. రంధ్రము కొనలోనే కొంచెము దిగువనుండి, వంపు లేక, ధార నేరుగా పడుచున్నచో, చేయించుట చేయింపకపోవుట ఆలోచింపదగిన విషయము. కేవలము చూపుకు బాగుండుటకై పసిబిడ్డ అంగముపై కత్తి పెట్టవచ్చునా అను చర్చ నేడు లోకమున జరుగుచున్నది. స్త్రీ పురుష లక్షణములు స్పష్టముగా లేని శిశువులకు ప్రాణాపాయ సందర్భములలో తప్ప లింగనిర్ణయ శస్త్రచికిత్సలు చేయరాదని మద్రాసు హైకోర్టు 2019 ఏప్రిలులో తీర్పు చెప్పినది. తదనుగుణముగా తమిళనాడు ప్రభుత్వము ఉత్తరువు నిచ్చినది. మామూలు హైపోస్పేడియాస్ వేరు, ఆ సందర్భము వేరు. అయినను రెండింటికి నడుమ సరిహద్దు దగ్గర నిలిచిన బిడ్డలుందురు. అట్టివారి విషయమున తొందరపడక, పిల్లల శస్త్రవైద్యుడు, హార్మోను వైద్యుడు కలిసి చూచిన పిమ్మటనే నిర్ణయింపవలెను.

ఇక మన ఉద్యోగ ధర్మమునకు దగ్గరైన మాట. వైద్యుని అడుగుటకు సంకోచింపరాదు. ఈ చికిత్సను మీరు ఏటికి ఎన్ని చేయుదురు? మీ చేతిలో ఎందరికి మరల అవసరమైనది? ఒక విడతయా, రెండా? చిక్కు వచ్చినచో ఎవరు చూతురు? ఈ నాలుగు ప్రశ్నలు మర్యాదగా అడిగినచో నిజమైన నిపుణుడు నొచ్చుకొనడు. ఇది చిన్న పని వలె కనబడు కష్టమైన పని. తరచుగా చేయువారి చేతిలోనే ఫలితము బాగుండును. ఢిల్లీలో 1956లో ఏర్పడిన ఎయిమ్స్‌లోను, అదే సంవత్సరమున ప్రారంభమైన కళావతీ సరన్ పిల్లల ఆసుపత్రిలోను, మనకు దగ్గరగా గీతాకాలనీలోని చాచా నెహ్రూ బాల చికిత్సాలయములోను పిల్లల శస్త్రచికిత్సా విభాగములు కలవు. హైదరాబాదులో 1953నుండి పనిచేయుచున్న నీలోఫర్ ఆసుపత్రి మనవారందరికి తెలిసినదే. 1954లో ఢిల్లీలో మొదలైన కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకము కార్డు గలవారు తమ వెల్‌నెస్ కేంద్రమునుండి సిఫారసు పొంది, ఖర్చు సంగతి ముందుగా కనుగొనవలెను. ఊళ్లలోని మన బంధువులకు ఆరోగ్యశ్రీ, ఆయుష్మాన్ భారత్ పథకముల క్రింద ఈ చికిత్స లభించునని తెలియజెప్పుట కూడ మన పనియే.

మనము బదిలీల మీద తిరుగువారము. నేడు ఢిల్లీ, రేపు హైదరాబాదు, ఎల్లుండి గౌహతి. చేసిన వైద్యుడు ఒకచోట, చిక్కు వచ్చినది ఒకచోట కావచ్చును. కనుక బిడ్డ పేర ఒక ఫైలు తెరవుడు. ఏ తేదీన, ఏ పద్ధతిని, ఏ చర్మమును వాడి చేసిరో, గొట్టము ఎన్నడు తీసిరో, తరువాతి పరీక్షలలో ఏమి తేలెనో వరుసగా ఉంచుడు. డిశ్చార్జి కాగితము మాత్రమే గాక ఆపరేషను వివరము నకలు కూడ అడిగి తీసికొనుడు. మనము కార్యాలయములో ఎందరి ఫైళ్లనో భద్రముగా కాపాడుచున్నాము. మన బిడ్డ ఫైలు ఒకటి బరువు కాదు.

చివరి మాట ఆ బిడ్డను గూర్చి. చిన్ననాడు చికిత్స జరిగినవానికి జ్ఞాపకముండదు. కాని మచ్చ ఉండును. పదునాలుగవ ఏట వాడు ఆ మచ్చను చూచుకొని, ఎవరిని అడుగవలెనో తెలియక, నలుగురు చెప్పు వెర్రిమాటలు నమ్మును. అంతవరకు ఆగక, అయిదారేండ్లప్పుడే వానికి తగిన మాటలలో చెప్పుడు. "నాయనా, పుట్టినప్పుడు నీకు మూత్రము వచ్చు దారి కొంచెము ప్రక్కగా ఉండినది, డాక్టరుగారు సరిచేసినారు, ఏదైన తేడా కనబడినచో నాతో చెప్పు" అని తండ్రి చెప్పినచో చాలును. వయస్సు వచ్చిన కొలది మరికొంత చెప్పవచ్చును. వివాహమునకు ముందు వానికి తన సంగతి పూర్తిగా తెలిసియుండవలెను; అది వాని హక్కు.

గుండెలో రంధ్రముతో పుట్టిన బిడ్డకు చికిత్స చేయించి, ఆ సంగతి పదిమందికి చెప్పి, పదిమంది దీవెనలు పొందుచున్నాము. మూత్రమార్గములో రంధ్రము తప్పిపుట్టిన బిడ్డ చేసిన అపరాధమేమి? పదిమందికి చాటి చెప్పుమని నేను కోరుట లేదు. బిడ్డ గోప్యము బిడ్డదే. భార్య భర్తతోను, కోడలు అత్తతోను, తల్లి వైద్యునితోను, తండ్రి కొడుకుతోను చెప్పగలిగినచో అదియే చాలును. ఈ సభలో కూర్చున్నవారిలో ఎవరి ఇంటనైన ఇట్టి బిడ్డ ఉన్నచో, ఈ నెలలోనే పిల్లల శస్త్రవైద్యునికి చూపింపుడని మనవి చేయుచున్నాను.